డుయోడినం అంటే పన్నెండు వేళ్లు, మన లెక్కలో జానెడు

మీ అమ్మగారి ఎండోస్కోపీ రిపోర్టులో ‘డుయోడినం’ అనే మాట చూసి, దాని అర్థమేమిటి, పన్నెండుతో దానికేమిటి సంబంధం అని అడిగారు. రెండేళ్ల కిందట ఇదే మాట మా ఇంటికీ వచ్చింది. మా నాన్నకు పరగడుపున కడుపులో మంట, ఏదైనా తింటే కాస్త నెమ్మదించేది. విశాఖలోనే పరీక్ష చేయించాం. డుయోడినం మొదటి భాగంలో పుండు ఉందని రాశారు.

జీర్ణాశయం దాటగానే మొదలయ్యే చిన్నపేగు తొలి ముక్క అది. మన పాఠ్యపుస్తకాల్లో దాన్ని ఆంత్రమూలం అంటారు. లాటిన్‌లో ‘డుయోడెని’ అంటే పన్నెండేసి. ఏవి పన్నెండు? వేళ్లు. క్రీ.పూ. 3వ శతాబ్దం తొలినాళ్లలో అలెగ్జాండ్రియాలో మనుషుల శవాలను కోసి చూసిన గ్రీకు వైద్యుడు హెరోఫిలస్ దానికి పన్నెండు వేళ్ల పొడవైనదని పేరు పెట్టాడు. ఆయన పుస్తకాలు మిగలలేదు, గాలెన్ వంటి తర్వాతి వైద్యుల రాతల వల్లే ఆయన మాటలు మనదాకా వచ్చాయి. అరబ్బీ వైద్యులూ పన్నెండనే అన్నారు. 12వ శతాబ్దంలో స్పెయిన్‌లోని టొలెడోలో క్రెమోనా గెరార్డ్ వంటి అనువాదకులు అరబ్బీ వైద్యగ్రంథాలను లాటిన్‌లోకి తెచ్చారు. చివరికి లాటిన్ పేరులో సంఖ్య నిలిచింది, వేళ్లు రాలిపోయాయి. జర్మన్లు, రష్యన్లు మాత్రం నేటికీ దాన్ని పన్నెండు వేళ్ల పేగనే పిలుస్తారు.

ఇది చదివిన సాయంత్రం నాన్న పక్కన కూర్చుని, పాత పేపరు మీద నాలుగు వేళ్లు ఆనించి గీత గీశాను. అలా మూడుసార్లు. నాన్న జాలారిపేటలో వలలు అల్లినవాడు, వల కన్నును వేళ్లతోనూ తాడును బారలతోనూ కొలిచిన చేయి ఆయనది. గీతల మీద అరచేయి పరిచి, బొటనవేలు ఒక కొసన, చిటికెన వేలు మరో కొసన ఆనించాడు. సరిగ్గా సరిపోయింది. “ఇది జానే కదరా” అన్నాడు. నిజమే. నాలుగు వేళ్ల వెడల్పు బెత్తెడు, మూడు బెత్తలు జానెడు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో కూడా జానకు 12 అంగుళాలే, అంటే 12 వేళ్ల వెడల్పే. పూలమ్మే ఆమె మూరేస్తే అందులో రెండు జానలు.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. కొన్నిచోట్ల డుయోడినం పొడవు పన్నెండు అంగుళాలని రాసి 30 సెంటీమీటర్లకు మార్చేస్తున్నారు. అంగుళి అంటే వేలు, పాత అంగుళం వేలి వెడల్పు. స్కేలు మీది అంగుళం వేరు. పన్నెండు వేళ్లంటే 22 నుంచి 25 సెంటీమీటర్లు, డుయోడినం సుమారుగా అంతే ఉంటుంది. ‘ఆంత్రమూలం’ మంచి మాటే, కాని ‘జానెడు పేగు’ అని ఉంటే బడిపిల్లలు చేయి చాచి చూసుకునేవారు.

ఆ జానెడు నిటారుగా ఉండదు, క్లోమం తలను చుట్టుకుంటూ వంగి ఉంటుంది. డాక్టర్లు దాన్ని నాలుగు భాగాలుగా చెబుతారు. మొదటిది 5 సెంటీమీటర్లే, బెత్తెడు కూడా లేదు. డుయోడినంలో వచ్చే పుండ్లు ఎక్కువగా అక్కడే, జీర్ణాశయం నుంచి ఆమ్లం దిగే చోటే వస్తాయి. పైత్యరసం, క్లోమరసం కలిసేది రెండో భాగంలో. మీ అమ్మగారి రిపోర్టులో ‘డి1’ (మొదటి భాగం) అనో ‘డి2’ (రెండో భాగం) అనో ఉండొచ్చు, ఏ భాగమో అక్కడ చూడండి.