కూత వినపడాలంటే ఏ డబ్బా విప్పాలి?

బండి సందేహాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్‌లో 2008 మోడల్ మెర్సిడెస్ సి 200 కొంప్రెసర్ తీసుకున్నాను. సూపర్‌ఛార్జర్ బండి సన్నగా కూత పెడుతుందని విన్నాను. నా బండిలో అద్దాలు మూస్తే ఏ సప్పుడూ లేదు. షెడ్డులో అడిగితే ఎయిర్ ఫిల్టర్ డబ్బా మొత్తం తీసేసి కోన్ ఫిల్టర్ బిగిద్దాం అంటున్నారు. చేయించమంటారా? (హనుమకొండ)

జవాబు: వద్దండి. ఫిల్టర్ డబ్బాను కదపకుండానే మీకు కావలసిన కూత చాలావరకు వస్తుంది. అయితే కూత ఎక్కడ పుడుతుందో, దాన్ని ఏ భాగం మింగేస్తుందో ముందు తెలియాలి.

సూపర్‌ఛార్జర్ అంటే ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పంపు. దాన్ని ఇంజన్ బెల్టు తిప్పుతుంది. మీ బండిలో ఉన్నది రూట్స్ రకం. ఒకదానిలో ఒకటి ఇమిడి తిరిగే రెండు రోటర్లు గాలిని గుక్కలు గుక్కలుగా అవతలికి తోస్తాయి. ఈటన్ కంపెనీ పాత రోటర్లకు మూడేసి లోబులు (ఉబ్బెత్తు రెక్కలు), తర్వాత అదే కంపెనీ తెచ్చిన టీవీఎస్ రకానికి నాలుగేసి. మూడు లోబుల రోటర్లు రెండు కలిపి ఒక చుట్టుకు ఆరు గుక్కలు తోస్తాయి. పుల్లీల నిష్పత్తి రెండింతలు అనుకుందాం. ఇంజన్ 3000 ఆర్‌పీఎంలో ఉంటే రోటర్ 6000లో, అంటే సెకనుకు 100 చుట్లు తిరుగుతుంది. అప్పుడు 600 హెర్ట్జ్ కూత పుడుతుంది. ఇంజన్ 5000కు చేరితే అది 1000 హెర్ట్జ్ అవుతుంది. అదే 3000 ఆర్‌పీఎంలో నాలుగు సిలిండర్ల ఇంజన్ గాలి పీల్చే సప్పుడు 100 హెర్ట్జే. అంటే మీరు కోరుకునే కూత సన్నది, ఇంజన్ గుర్రు లావుది. రెండూ ఒకే పైపులోంచి బయటికొస్తాయి కానీ, వాటిని అణచే డబ్బాలు వేర్వేరు.

ఫిల్టర్ నుంచి సూపర్‌ఛార్జర్ నోటి వరకు పైపును చేత్తో తడుముతూ వెళ్లండి. పక్కకు పొడుచుకొచ్చి, అవతలి చివర మూసుకుపోయిన గదులు తగులుతాయి. వాటిలోకి గాలి పోయేదీ లేదు, వచ్చేదీ లేదు. సప్పుడును అణచడమే వాటి పని. వాటినే రెజొనేటర్లు అంటారు. గొట్టంలా సన్నగా ఉండే రకం తన పొడవుకు నాలుగింతల తరంగాన్ని చంపుతుంది. వేడెక్కిన బానెట్ కింద గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 360 మీటర్లు. ఆ లెక్కన 15 సెంటీమీటర్ల గది 600 హెర్ట్జ్‌ను, 9 సెంటీమీటర్లది 1000 హెర్ట్జ్‌ను మింగుతుంది. మీ కూత పోయేది వాటిలోకే. సన్నటి మెడతో కుండలా ఉండి, రెండు మూడు లీటర్ల గాలి పట్టే డబ్బా ఉంటే అది వేరే రకం. అది 100 నుంచి 200 హెర్ట్జ్ గుర్రును అణుస్తుంది. పొట్టి గదులను మూసేయండి, కుండను మాత్రం ముట్టుకోవద్దు. షెడ్లలో జరిగే పొరపాటు ఇక్కడే. పెద్దగా కనిపిస్తుంది కాబట్టి మొదట కుండనే పీకేస్తారు. కూత రాదు సరికదా, హైదరాబాద్ రోడ్డు మీద నిలకడగా పోతుంటే చెవులు అదిరే హోరు మొదలవుతుంది. జనగామ చేరేసరికి తలనొప్పి పట్టుకుంటుంది.

పని మొదలుపెట్టే ముందు పాత ఫిల్టర్ చూడండి. దుమ్ముతో నిండి ఉంటే కొత్తది వేసి, మూత చుట్టూ ఉన్న రబ్బరు సరిగ్గా కూర్చుందో లేదో చూడండి. అద్దాలు మూసి, రెండో గేరులో 2000 నుంచి 5000 వరకు లాగుతూ, ఫోన్‌ను ఒకే చోట ఆనించి రికార్డు చేయండి. బండి కంప్యూటర్‌ను చదివే ఓబీడీ స్కానర్‌తో లాంగ్ టర్మ్ ఫ్యుయెల్ ట్రిమ్ (పెట్రోల్ పాళ్లను కంప్యూటర్ ఎంత శాతం సరిదిద్దుతోందో చెప్పే అంకె), లోపలికి వెళ్లే గాలి ఉష్ణోగ్రత రాసి పెట్టుకోండి. ఈ రెండు అంకెలు లేకపోతే తర్వాత ఏం మారిందో తేల్చలేరు.

గదిని విడిగా విప్పే వీలుంటే విప్పి, పైపు మీద మిగిలిన మొలక (గదిని తగిలించే పొట్టి గొట్టం) బయటి వ్యాసాన్ని వెర్నియర్‌తో కొలవండి. సరిగ్గా అదే కొలతకు, 3 - 4 మిల్లీమీటర్ల మందం ఉన్న సిలికాన్ మూత తొడిగి హోస్ క్లాంపు వేయండి. బిగింపు 3 నుంచి 4 న్యూటన్ మీటర్లు చాలు. అంతకన్నా బిగిస్తే లోపలి ప్లాస్టిక్ మొలకకు పగులు వస్తుంది. ఎంసీల్, టేపు, సైకిల్ ట్యూబ్ ముక్క పెట్టించుకోకండి. వేడికి అవి ఊడితే ముక్క నేరుగా రోటర్ల మధ్యకు పోతుంది. ఆ రోటర్ల మధ్య సందు వెంట్రుక మందాన ఉంటుంది. విప్పిన గదిని ఇంట్లో దాచండి.

గది పైపుతో కలిపి పోత పోసినదైతే కోయకండి. ఆ ముక్క స్థానంలో లోపలి వ్యాసం అదే ఉన్న 2 మిల్లీమీటర్ల మందం అల్యూమినియం పైపు పెట్టించండి. రెండు చివర్లా అంచు ఉబ్బించి, నాలుగు పొరల సిలికాన్ హోస్‌తో కలపాలి. పాత పైపు మీద ఇంజన్ ఆవిరి గొట్టం కలిసే మొలక ఉంటే కొత్తదాని మీదా అదే కొలతకు ఉండాలి. వెల్డింగ్ అయ్యాక లోపలి రజను కడిగి, తెల్లగుడ్డ దూర్చి లాగి చూడండి. గుడ్డ మీద మెరుపు కనిపించినంతసేపు కడుగుతూనే ఉండాలి.

గాలిని కొలిచే మాఫ్ సెన్సార్ కూర్చున్న గొట్టం జోలికి మాత్రం పోవద్దు. 70 మిల్లీమీటర్ల గొట్టం తీసి 76ది పెడితే వైశాల్యం 18 శాతం పెరుగుతుంది. గాలి వేగం తగ్గి, సెన్సార్ అసలుకన్నా సుమారు 15 శాతం తక్కువ చూపిస్తుంది. ఆ లెక్కనే ఇంధనం తగ్గుతుంది. సూపర్‌ఛార్జర్ ఒత్తిడి మీద ఉన్న ఇంజన్‌కు పెట్రోల్ తక్కువ పడిందంటే పిస్టన్లకే ముప్పు. సెన్సార్‌కు ముందు 10 - 15 సెంటీమీటర్ల పైపు వంపు లేకుండా ఉండాలన్నది కూడా గుర్తుంచుకోండి.

బిగించాక, పైపుల్లోకి పొగ పంపే స్మోక్ మెషీన్‌తో లీకు చూడమనండి. ఒత్తిడి 0.07 బార్ మించకూడదు. కార్బ్ క్లీనర్ చల్లి లీకు వెతికే పద్ధతి ఒప్పుకోకండి, పక్కనే సైలెన్సర్ మానిఫోల్డ్ కాలుతూ ఉంటుంది. 100 కిలోమీటర్లు నడిపి ట్రిమ్ మళ్లీ చదవండి. పాత అంకెకు 5 శాతం అటూ ఇటూ అయితే పరవాలేదు. 10 శాతం ఎక్కువ చూపించినా, స్కానర్‌లో పీ0171 కోడ్ (గాలికి తగ్గ పెట్రోల్ లేదని చెప్పేది) వచ్చినా, సెన్సార్‌కూ సూపర్‌ఛార్జర్‌కూ మధ్య ఎక్కడో బయటి గాలి చొరబడుతున్నట్టే.

ఒక మాట ముందే చెప్పాలి. ఇంత చేసినా 80 కిలోమీటర్ల వేగంతో నిదానంగా పోతుంటే కూత వినిపించదు. యాక్సిలరేటర్ కొంచెమే తొక్కినప్పుడు బైపాస్ వాల్వ్ తెరుచుకుని, గాలి ఒత్తిడి లేకుండా తిరిగి సూపర్‌ఛార్జర్ నోటి దగ్గరికే వస్తుంది. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వాల్వ్ మూసుకుంటుంది, కూత లేస్తుంది. ఆ తేడాలోనే ఈ సప్పుడు అందమంతా ఉంది. ఎప్పుడూ అరిచే సైలెన్సర్‌కు ఆ సొగసు రాదు.

ప్రశ్న: బయటి వాళ్లకు వినపడకపోయినా సరే, నాకు లోపల వినపడితే చాలు. ఇంజన్ నుంచి క్యాబిన్‌లోకి గొట్టం వేస్తారట, నిజమేనా? (కాజీపేట)

జవాబు: నిజమే. ఫోర్డ్, పోర్షె వంటి కంపెనీలు సౌండ్ సింపోజర్ పేరుతో ఇదే చేశాయి. గాలి పైపు నుంచి ఒక గొట్టం ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉండే రేకు) వరకు వస్తుంది, మధ్యలో పలుచటి పొర ఉంటుంది. గాలి అక్కడే ఆగుతుంది, పొర డోలు చర్మంలా అదిరి సప్పుడును మాత్రం లోపలికి పంపుతుంది. ఊరి మీద మోత లేకుండా సప్పుడు కావాలనుకునేవారికి ఇంతకన్నా మంచి దారి లేదు.

చేయించుకోవాలంటే 19 నుంచి 25 మిల్లీమీటర్ల గొట్టం సరిపోతుంది. పొరకు 0.5 నుంచి 1 మిల్లీమీటరు సిలికాన్ షీటు వాడి, రెండు ఫ్లాంజిల మధ్య నొక్కి బిగించాలి. గొట్టాన్ని ఫిల్టర్ డబ్బా శుభ్రమైన వైపు, మాఫ్ సెన్సార్ కన్నా ముందే కలపండి. పొర ఎప్పుడైనా చిరిగినా చొరబడే గాలి సెన్సార్ లెక్కలోకి వస్తుంది, ఇంధనం తేడా రాదు. సెన్సార్ తర్వాత కలిపితే చిరిగిన రోజే ఇంజన్ లైటు వెలుగుతుంది. పొర లేకుండా గొట్టాన్ని నేరుగా క్యాబిన్‌లోకి వదలడం తప్పు. క్రాంక్‌కేస్ ఆవిరి, పెట్రోల్ వాసన మనుషులు కూర్చున్న చోటికి వస్తాయి. ఫైర్‌వాల్‌కు కొత్త రంధ్రం కొట్టించకండి. గొట్టం దాని దగ్గర ఆగితే చాలు, రేకు మీంచి సప్పుడు దానంతట అదే లోపలికి దిగుతుంది.

ప్రశ్న: మాది గోదావరిఖని. స్నేహితుడు తన కారుకు ఓపెన్ కోన్ ఫిల్టర్ పెట్టించాడు, సప్పుడు అదిరింది. కానీ మధ్యాహ్నం బండి లాగడం లేదంటున్నాడు. కారణం?

జవాబు: వేడి, దుమ్ము. మీ దగ్గర రెండూ ఎక్కువే.

మే నెలలో మీ రామగుండం వైపు నీడలోనే 45 డిగ్రీలు దాటుతుంది. కంపెనీ డబ్బా గ్రిల్ వెనక నుంచి బయటి గాలిని పీలుస్తుంది. ఓపెన్ కోన్ బానెట్ కింది గాలిని పీలుస్తుంది. ట్రాఫిక్‌లో అది 65 డిగ్రీలకు ఎక్కడం పెద్ద విషయం కాదు. 45 నుంచి 65కు పెరిగితే గాలి సాంద్రత 6 శాతం పడిపోతుంది. బండికి సూపర్‌ఛార్జర్ ఉంటే అది ఆ గాలిని నొక్కి ఇంకా వేడెక్కిస్తుంది. నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ అదుపు తప్పి పేలడం) మొదలవుతుంది, ఈసీయూ అనే ఇంజన్ కంప్యూటర్ ఇగ్నిషన్‌ను వెనక్కి జరుపుతుంది, అంటే నిప్పురవ్వను ఆలస్యంగా వేస్తుంది. మీ స్నేహితుడికి లాగుడు తగ్గింది అందుకే. సప్పుడు పెరిగింది కాబట్టి బలం కూడా పెరిగిందని చెవి మోసపోతుంది. స్కానర్‌లో గాలి ఉష్ణోగ్రత చూస్తే నిజం తెలుస్తుంది.

ఇక దుమ్ము. బొగ్గు లారీల వెనక, థర్మల్ స్టేషన్ బూడిద ఎగిరే దారుల్లో పలుచటి కాటన్ ఫిల్టర్ కన్నా కంపెనీ కాగితం ఫిల్టర్ సన్నటి రేణువులను బాగా ఆపుతుంది. కాటన్‌దే వాడాలనుకుంటే కడిగాక నీడలో పూర్తిగా ఆరనిచ్చి, ప్రతి మడత మీదా ఒక్క సన్నటి గీతగా మాత్రమే నూనె వేయాలి. ఎక్కువైతే నూనె మాఫ్ తీగకు అంటి, రీడింగ్ తప్పుతుంది. అప్పుడు మాఫ్ క్లీనర్ స్ప్రే మాత్రమే వాడాలి. వేలు, గుడ్డ, బ్రష్ తగలకూడదు.

ప్రశ్న: గాలి చల్లగా దొరకాలని ఫిల్టర్‌ను బంపర్ కిందికి దింపిస్తే మంచిదా? (వరంగల్)

జవాబు: చల్లగా దొరుకుతుంది, వానకాలంలో నీళ్లు కూడా దొరుకుతాయి. 2020 ఆగస్టులో, 2023 జూలైలో మన నగరంలో వీధులు ఎలా మునిగాయో చూశారు. నీళ్లు గాలిలా నొక్కుకుపోవు. సిలిండర్‌లోకి వెళ్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఫిల్టర్ నోరు కంపెనీ పెట్టిన ఎత్తు కన్నా కిందికి రానివ్వకండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో 12 వోల్టుల ఎలక్ట్రిక్ సూపర్‌ఛార్జర్ మూడు వేలకే అమ్ముతున్నారు. నా 1.2 లీటర్ల కారుకు పెడితే ఆ సప్పుడూ, పికప్పూ వస్తాయా? (కరీంనగర్)

జవాబు: రెండూ రావు. లెక్క చూడండి. 1.2 లీటర్ల ఇంజన్ 5000 ఆర్‌పీఎంలో నిమిషానికి సుమారు 2500 లీటర్ల గాలి పీలుస్తుంది. ఆ గాలి మీద 0.3 బార్ ఒత్తిడి తేవాలంటే దాదాపు 1.8 కిలోవాట్ల శక్తి కావాలి, అంటే 12 వోల్టుల దగ్గర 150 ఆంపియర్లు. చిన్న కార్ల ఆల్టర్నేటర్ పూర్తిగా పనిచేసినా చాలావాటిలో అంత ఇవ్వలేదు. మీరు చూసింది కొద్ది ఆంపియర్లు తాగే ఫ్యాన్. ఇంజన్ గట్టిగా పీల్చినప్పుడు అది గాలికి అడ్డుగా నిలుస్తుంది. ప్లాస్టిక్ రెక్క విరిగితే ముక్క లోపలికి పోతుంది. ఆ మూడు వేలు టైర్లకో, బ్రేకు ప్యాడ్లకో పెట్టండి.

ప్రశ్న: నా సూపర్‌ఛార్జ్‌డ్ ఎస్‌యూవీ ఐడిల్‌లో గులకరాళ్లు కదిలినట్టు గలగలమంటోంది. గేరు వేసి లాగితే పోతోంది. ఇది మామూలు కూతేనా? (మంచిర్యాల)

జవాబు: కాదు. కూత ఆర్‌పీఎంతో పాటు సాఫీగా పెరుగుతుంది. ఐడిల్‌లో గలగలమని, లోడ్ పడగానే ఆగితే ముందు అనుమానించాల్సింది సూపర్‌ఛార్జర్ ముందు భాగంలోని కప్లర్‌ను. పుల్లీ షాఫ్టునూ రోటర్ల గేర్లనూ కలిపేది అదే. అరిగితే ఆట పెరిగి కొట్టుకుంటుంది. బెల్టు విప్పి పుల్లీని చేత్తో అటూ ఇటూ కదపండి. మెత్తగా ఆడి టక్కుమంటే కప్లర్. తిప్పినప్పుడు గరగరమంటే బేరింగ్, ఇంకా నడపకండి. కప్లర్ మార్చేటప్పుడు ముందు భాగంలోని నూనె కూడా మారుస్తారు. అది ఇంజన్ ఆయిల్ కాదు, సూపర్‌ఛార్జర్‌కే ప్రత్యేకం, పరిమాణం మీ మోడల్ మాన్యువల్ ప్రకారమే పోయాలి.

ప్రశ్న: ఇవన్నీ చేయిస్తే పోలీసులు ఆపుతారా? (హనుమకొండ)

జవాబు: మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. సెక్షన్ 182ఏ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. మొదటి ప్రశ్నకు మేం చెప్పిన పని చిన్నదే అయినా చట్టం ముందు అది కూడా మార్పే. కాబట్టి ఆర్టీవోను అడిగి, ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలిపాకే చేయించండి. విప్పిన రెజొనేటర్‌ను దాచమన్నది ఇందుకు కూడా. క్లాంపు, మొలక దెబ్బతినకుండా ఉంటే అరగంటలో బండిని మునుపటిలా చేసేయవచ్చు.