కారుతో పుట్టిన గేర్ బాక్సేనా? మేనల్లుడికి ఒక లేఖ

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

అమెరికాలో, సిన్సినాటిలో నువ్వు చూసిన 1969 షెవర్లే కమారో కారు గురించి రాసిన ఉత్తరం రెండుసార్లు చదివాను. "ఇది కారుతో పుట్టిన మన్సీ గేర్ బాక్సు" అని అమ్మే పెద్దమనిషి చెప్పాడనీ, ఆ మాట మీదే ధర పెంచాడనీ రాశావు. ఆ ఒక్క మాటలో మూడు ప్రశ్నలున్నాయి అల్లుడూ. అది అసలు మన్సీయేనా, అంటే జనరల్ మోటార్స్ వారు చేసిన ఆ పేరుగల గేర్ బాక్సేనా? అయితే ఏ రకం, ఎప్పటిది? ఫ్యాక్టరీలో ఈ కారుకే బిగించారా? ఒక ప్రశ్నకు దొరికిన జవాబును ఇంకో ప్రశ్నకు అతికించవద్దు. మోసపోయిన వాళ్ళలో చాలామంది అక్కడే మోసపోయారు.

ముందుగా ఒక మాట. నువ్వు చూసేదాకా ఆ బాక్సును ఎవరూ శుభ్రం చేయకూడదని గట్టిగా చెప్పు. ముప్పై ఏళ్ళ క్రితం నేను ఒక బాక్సు కొని, కడిగి ఇమ్మని ఒక వర్క్‌షాపులో ఇచ్చాను. వాళ్ళు ఇసుకతో కొట్టి వెండిలా మెరిపించి ఇచ్చారు. అల్యూమినియం మెత్తని లోహం, దాని మీద కొట్టిన అంకెలు సగం అరిగిపోయాయి. అది ఏ కారుదో నాకు ఈనాటికీ తెలియదు. ఆ బాధ నీకు వద్దు. కాస్త కిరోసిన్, పాత గుడ్డ, మెత్తని నైలాన్ బ్రష్షు, ఏటవాలుగా పట్టే టార్చిలైటు, ఇవి చాలు.

మొదటి ప్రశ్న సులువు. కారు కింద దూరి డ్రైవరు వైపు నుంచి బాక్సును చూడు. మన్సీకి కేసు, అంటే బయటి డొల్ల, అల్యూమినియం, సైడ్ కవర్‌కు, అంటే పక్క మూతకు, ఏడు బోల్టులు, రివర్స్ గేరు లివరు మాత్రం విడిగా టెయిల్ హౌసింగ్‌లో, అంటే బాక్సు వెనక తోక భాగంలో ఉంటుంది. కవర్‌కు తొమ్మిది బోల్టులుంటే అది బోర్గ్ వార్నర్ కంపెనీ వారి టి-10 గేర్ బాక్సు. మూడు లివర్లూ సైడ్ కవర్‌లోనే ఉండి కేసు ఇనుముదైతే అది సాగినా అనే ఇంకో రకం బాక్సు. చిన్న ఇంజన్ల కార్లకు దాన్ని బిగించేవారు. ఇక్కడ ఒక చిక్కుంది. టి-10 కూడా ఇండియానాలోని అదే మన్సీ ఊళ్ళో తయారైంది. అందుకని "మన్సీలో చేసినది" అని ఎవరైనా అంటే అది అబద్ధం కాకపోవచ్చు, కానీ నువ్వు అడిగినదానికి అది జవాబు కాదు. మనం మన్సీ అని పిలిచేది జనరల్ మోటార్స్ 1963 నుంచి 1974 వరకు చేసిన బాక్సును.

ఇక అంకెలు. కేసు మీద ఉబ్బెత్తుగా ఉన్నవి పోతపోసినప్పుడు వచ్చినవి, లోపలికి దిగినవి తరువాత సుత్తితో కొట్టినవి. ఈ తేడా ఎప్పుడూ మరవకు. ప్రయాణికుడి వైపు ఉబ్బెత్తుగా 3925660 అని ఉంటే 1968 నుంచి 1970 దాకా వాడిన పోత. 3885010 అయితే 1966, 67ల నాటిది. 3925661 అయితే 1970 నుంచి వాడిన పోత. ఇలాంటి కేసులు వేలల్లో పోతపోశారు కాబట్టి ఈ నంబరు కాలాన్ని చెబుతుంది గానీ కారును చెప్పదు.

అదే వైపు, కేసు టెయిల్ హౌసింగ్‌తో కలిసేచోటికి దగ్గరగా, కొట్టిన అంకెలు వెతుకు. పి9సి18బి వంటి వరుస కనిపించాలి. పి అంటే మన్సీ ఫ్యాక్టరీ, 9 అంటే 1969, సి అంటే మార్చి, 18 తేదీ. చివరి అక్షరం మన్సీలోని మూడు రకాల్లో ఇది ఏదో చెబుతుంది. ఎ అయితే ఎం20, బి అయితే ఎం21, సి అయితే ఎం22. కారు తయారైన తేదీకి కొన్ని రోజులో, కొన్ని వారాలో ముందు బాక్సు తయారై ఉండాలి. కారు కన్నా బాక్సు వయసులో చిన్నదైతే ఇక వాదన అక్కరలేదు.

ఆ దగ్గరలోనే ఇంకో వరుస ఉండాలి. నీ మూడో ప్రశ్నకు జవాబు చెప్పగలిగేది అదొక్కటే. 19ఎన్, దాని తరువాత ఆరంకెలు. 1 షెవర్లే, 9 ఆ మోడల్ సంవత్సరం, ఎన్ ఒహాయోలోని నార్వుడ్ ఫ్యాక్టరీ. ఎల్ అని ఉంటే కాలిఫోర్నియాలోని వాన్ నైస్. ముందు అద్దంలోంచి డాష్‌బోర్డు మీద కనిపించే ఛాసిస్ నంబరులోని చివరి ఆరంకెలతో ఇవి అక్షరాలా సరిపోవాలి. మీ ఇంటికి కూతవేటు దూరంలోనే ఉండేది ఆ నార్వుడ్ ఫ్యాక్టరీ. 1987లో మూసేశారు.

నంబరు సరిపోగానే సంతోషించి చెయ్యి కలపకు. కొత్తగా పోతపోసిన కేసులు అమ్ముతున్నారు, అంకెల అచ్చులూ అమ్ముతున్నారు. అసలు ముద్రలు కాస్త వంకరగా, ఒకటి లోతుగా ఒకటి తేలికగా ఉంటాయి. వాటి చుట్టూ పోత గరుకుదనం అలాగే ఉండాలి. ముద్ర కింద లోహం ఆకురాయి పెట్టినట్టు నున్నగా ఉంటే నాకు అనుమానమే. సైడ్ కవర్‌నూ చూడు. 1968 దాకా లివర్లను నట్లతో బిగించేవారు, 1969 నుంచి షాఫ్టులోకి దిగే బోల్టులతో.

లోపల ఉన్న గేర్లు పైనున్న అక్షరం చెప్పినవేనా అన్నది బాక్సు విప్పకుండానే తెలుసుకోవచ్చు. ఇది నాకు చాలా ఇష్టమైన పరీక్ష. స్పార్క్ ప్లగ్గులు తీసి, వెనక చక్రాలు రెండూ పైకెత్తి, మొదటి గేరు వేయి. డ్రైవ్ షాఫ్టు మీద సుద్దముక్కతో గీత పెట్టు. ఒకరు ఇంజన్ ముందున్న క్రాంక్ బోల్టుకు పానా వేసి ఇంజన్‌ను మెల్లగా తిప్పుతుంటే, ఆ గీత ఒక చుట్టు పూర్తయ్యేసరికి ఇంజన్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టు. రెండున్నర చుట్లకు కాస్త పైన అయితే ఎం20, దాని మొదటి గేరు నిష్పత్తి 2.52. రెండు చుట్లూ ఇంకో అయిదో వంతు అయితే 2.20, అంటే ఎం21 గానీ ఎం22 గానీ. ఆ రెండింటి తేడా చెవికి తెలుస్తుంది. ఎం22 గేర్ల పళ్ళ వాలు తక్కువ కాబట్టి అది కూస్తుంది. "రాక్ క్రషర్" అన్న పేరు అందుకే వచ్చింది. ఆయిలు తీసే బిరడా ఉంది కాబట్టి ఇది ఎం22 అని ఎవరైనా అంటే నమ్మకు. తరువాతి కాలపు మామూలు కేసులకూ ఆ బిరడా ఉంది.

ఎప్పుడైనా బాక్సు కిందికి దింపితే ఇన్‌పుట్ షాఫ్టు చుట్టూ ఉన్న గాడులు చూడు. 1966 నుంచి 1970 దాకా ఎం20కి రెండు, ఎం21కి ఒకటి, ఎం22కి అసలు ఉండవు.

నంబరు కలవకపోయినా కారును వదులుకోమని నేను అనను. మంచి ఎం20 రోడ్డు మీద హాయిగా నడుస్తుంది, నేనైతే రోజూ నడపడానికి దాన్నే కోరుకుంటాను. కానీ "కారుతో పుట్టింది" అన్న మాటకు కట్టిన ధర మాత్రం చెల్లించకు.

శనివారం వెళ్ళినప్పుడు పోత నంబరు, తేదీ ముద్ర, ఛాసిస్ ముద్ర, ఈ మూడింటికీ దగ్గరనుంచి ఫోటోలు తీసి నాకు పంపు. నేను చూసి ఫోన్ చేసేదాకా బయానా ఇవ్వకు. కారు కింద దూరేటప్పుడు జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండ్లు పెట్టు. మీ అమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య