రొమ్ము క్యాన్సర్ ముప్పు నాన్న వైపు నుంచి కూడా వస్తుందా?

వస్తుంది, ఈ ముప్పును పెంచే లోపం, అంటే బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే జన్యువుల్లోని లోపం, అమ్మ నుంచి ఎలా రావచ్చో నాన్న నుంచీ అలాగే రావచ్చు. ఇవి ఆడా మగా తేడాను నిర్ణయించే క్రోమోజోముల మీద లేవు, 17, 13 నంబర్ల క్రోమోజోముల మీద ఉన్నాయి. అందుకే అమ్మానాన్నల్లో ఒకరికి లోపం ఉంటే, కొడుకైనా కూతురైనా అది అందే అవకాశం 50 శాతం. నాయనమ్మకు ఈ లోపం వల్ల అండాశయ క్యాన్సర్ వచ్చిందనుకోండి: నాన్న ఆరోగ్యంగా ఉన్నా, అది ఆయన ద్వారా మనవరాలికి చేరవచ్చు. డాక్టరు అడిగినప్పుడు మేనత్తల సంగతీ తప్పకుండా చెప్పండి.

చాలామంది వీటిని 'క్యాన్సర్ జన్యువులు' అనుకుని టెన్షన్ పడతారు. నిజానికి ఇవి అందరిలోనూ ఉంటాయి, తెగిన డీఎన్ఏను అతికించే పనిలో సాయపడతాయి. ఒక్కో జన్యువుకు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి చొప్పున రెండు కాపీలుంటాయి; ఒక కాపీ చెడి పుట్టినవారిలో, ఏదైనా కణంలో రెండోదీ పాడైతేనే ఆ రిపేరు కుంటుపడి తప్పులు పేరుకుంటాయి.