కొత్త రైఫిల్ బ్యారెల్‌కు బ్రేక్-ఇన్ అవసరమా?

అమెరికాలో మొదటి రైఫిల్ కొన్న మనవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. బ్రేక్-ఇన్ అంటూ మొదట్లో ఒక్కో తూటా పేల్చి, ప్రతిసారీ బ్యారెల్ శుభ్రం చేయాలంటున్నారు, నిజమేనా అని. అంతకంటే ముందు మీ వీసా సంగతి చూసుకోండి. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ, తూటాలు ఉండకూడదని ఫెడరల్ చట్టం చెబుతోంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అయినా లాయర్‌ని అడగకుండా కొనకండి. గ్రీన్‌కార్డు ఉంటే ఆ నిషేధం వర్తించదు, రాష్ట్రాల చట్టాలు మాత్రం వేరుగా ఉంటాయి.

ఇక బ్యారెల్ విషయం. తూటా కూర్చునే ఛాంబర్ దాటాక, బ్యారెల్ లోపల మెలితిరిగే గాడులు, అంటే రైఫ్లింగ్, మొదలయ్యే చోటును థ్రోట్ అంటారు. ఛాంబర్‌ను తొలిచే పనిముట్టు అక్కడ సన్నని గీతలు మిగులుస్తుంది. అవి బుల్లెట్ వెళ్లే దారికి అడ్డంగా ఉంటాయి కాబట్టి బుల్లెట్ పైపొరలోని రాగిని గీకేస్తాయి. ఆ రాగి బ్యారెల్ లోపల అంటుకుంటుంది. మొదటి కొన్ని తూటాలు ఆ గీతలను నునుపు చేస్తాయి, మధ్యమధ్య రాగిని తీసేస్తే ఆ పని అడ్డు లేకుండా సాగుతుంది. బ్రేక్-ఇన్ వెనకున్న ఆలోచన ఇంతే.

దీని మీద పేరున్న షూటర్లే ఒప్పుకోరు, వాదనలు చాలా ఉన్నాయి. నా మాట: తయారీదారు మాన్యువల్ ఏం చెబితే అది చేయండి. అందులో ఏమీ లేకపోతే మామూలు ఫ్యాక్టరీ బ్యారెల్‌కు ఒక్కో తూటాకు ఒకసారి చొప్పున ఐదు సార్లు శుభ్రం చేస్తే చాలు. లోపల క్రోమ్ పూత (క్రోమ్ లైనింగ్) ఉన్నదానికి అదీ అక్కర్లేదు. మధ్యలో బ్యారెల్ చల్లారనివ్వండి. దీనికోసం టెన్షన్ పడి వందల తూటాలు ఖర్చు చేయొద్దు.

నన్నడిగితే, జాగ్రత్త పడాల్సింది శుభ్రం చేసే తీరులో. తప్పుగా తోమడం వల్ల మంచి బ్యారెళ్లు పాడవుతాయి. ముందు మ్యాగజైన్ తీసి, ఛాంబర్ ఖాళీగా ఉందని కళ్లతో చూసి, వేలితో తడిమి, ఆ తర్వాతే ఛాంబర్‌ను వెనకనుంచి మూసే బోల్ట్ తీయండి. కొత్త రైఫిల్‌లో ఫ్యాక్టరీ గ్రీజు ఉంటుంది. మొదటి తూటాకు ముందే దాన్ని తుడిచేయాలి.

బ్యారెల్ తోమడానికి అతుకుల్లేని ఒకే ముక్క రాడ్ కొనండి, దానికి పూత ఉంటే ఇంకా మంచిది. వెనకవైపు రాడ్‌ను మధ్యలో నిలిపే గొట్టం, అంటే బోర్ గైడ్, పెట్టి, ఛాంబర్ నుంచి మూతివైపే తోయండి. బ్యారెల్ మూతి అంచును క్రౌన్ అంటారు. బుల్లెట్ చివరగా వదిలే చోటు అదే కాబట్టి అక్కడ రాడ్ రాసుకుని చిన్న నొక్కు పడినా గురి తప్పుతుంది. వెనకనుంచి రాడ్ దూరని లీవర్-యాక్షన్ రైఫిళ్లకు లాగే తాడు వాడండి.

ముందు మసిని కరిగించే ద్రవం (సాల్వెంట్), తర్వాత రాగికి సాల్వెంట్. తుడిచే చిన్న గుడ్డముక్క, అంటే ప్యాచ్, మీద నీలం రంగు వస్తే ఇంకా రాగి ఉన్నట్టే. రాడ్ చివర ప్యాచ్‌ను పట్టే ముక్కను జాగ్ అంటారు. ఇత్తడి జాగ్ వాడితే అదే కరిగి నీలం చూపిస్తుంది, మీరు అనవసరంగా తోముతూనే ఉంటారు. అందుకని నైలాన్‌ది గానీ నికెల్ పూతది గానీ తీసుకోండి. అమ్మోనియా ఉన్న సాల్వెంట్‌ను సీసా మీద రాసిన సమయం కంటే ఎక్కువసేపు లోపల ఉంచొద్దు. దాన్ని బ్లీచ్‌తో ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది. చివర పొడి ప్యాచ్‌లు, ఆపైన పలుచగా నూనె. మళ్లీ పేల్చేముందు ఆ నూనె తుడిచి, లోపల ప్యాచ్ ఏదీ ఇరుక్కుపోలేదని బోల్ట్ తీసి చూడండి. అడ్డుంటే బ్యారెల్ పగిలిపోవచ్చు.

ఈ పనంతా గాలి ఆడే చోట, గ్లోవ్స్ వేసుకుని చేయండి. ఆ మసిలో సీసం ఉంటుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే వంటింటి బల్ల మీద మాత్రం అస్సలు వద్దు. పని అయ్యాక వాడిన ప్యాచ్‌లు పిల్లలకు అందకుండా పారేసి, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే వాళ్లను ఎత్తుకోండి.