ఆయుధాల అమ్మకానికి షూరిటీ సంతకం ఎవరిది?

అంతర్జాతీయ ఆయుధ వ్యాపారం గురించి పాఠకులు రాసిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: ఆయుధాలు తయారుచేసేవి కంపెనీలు, కొనేవి విదేశీ ప్రభుత్వాలు. బ్రిటన్‌లో ఉద్యమకారులు మాత్రం ఒక ప్రభుత్వ కార్యాలయాన్ని మూయించాలని పట్టుబట్టారని చదివాను. ఎందుకు? అది నిజంగా మూతపడిందా?
– పొలిటికల్ సైన్స్ విద్యార్థిని, వరంగల్

జవాబు: మీరు అడుగుతున్నది రక్షణ ఎగుమతుల సేవా సంస్థ గురించి. అక్కడ దానిని పొట్టిగా ‘డీసో’ అనేవారు. డెనిస్ హీలీ రక్షణ మంత్రిగా ఉండగా 1966లో, మరో పేరుతో, ఆ శాఖలోనే అది పుట్టింది. ఏ దేశపు సైన్యానికి ఏమి కావాలో కనిపెట్టడం, ఆ దేశపు అధికారులను పిలిపించి సరుకు చూపించడం, బేరం కుదిరేదాకా కంపెనీల పక్షాన తిరగడం దాని పని. ఉద్యోగుల జీతాలు పన్నుల సొమ్ము నుంచి వచ్చేవి. అధిపతిని మాత్రం పరిశ్రమ నుంచే తెచ్చుకొనేవారు, ఆయన ప్రభుత్వ జీతం చాలదని పరిశ్రమ పైన కొంత ముట్టజెప్పేది కూడా. ఆయన ఎవరి మనిషి అని వేరే విచారణ అక్కరలేదు.

రెండో మెలిక ఎగుమతి రుణాల హామీ విభాగం. చిట్‌ఫండ్ కంపెనీలో బంధువుకు షూరిటీ సంతకం పెట్టినవారికి దీని సంగతి వివరించనక్కరలేదు. కొన్న దేశం డబ్బు కట్టకపోతే కంపెనీకి ఆ నష్టం రాదు, బ్రిటన్ ఖజానా కడుతుంది. నియంత సుహార్తో కాలంలో ఇండోనేషియాకు అమ్మిన హాక్ అనే సైనిక విమానాల విషయంలో అదే జరిగింది. 1997లో మొదలైన ఆర్థిక సంక్షోభంలో ఆ దేశం చేతులెత్తేయగా, భారం హామీదారు మీద పడింది.

1974లో ఏర్పడిన ‘క్యాట్’ అనే ఆయుధ వ్యాపార వ్యతిరేక సంస్థ పట్టుకొన్నది ఈ మెలికలనే. యుద్ధం మంచిదా చెడ్డదా అన్న వాదన ఎన్నటికీ తెగదు. దేశపు ఎగుమతుల్లో రెండు శాతం దరిదాపుల్లో ఉన్న సరుకు ఒక్కదానికి కొన్ని వందలమంది ప్రభుత్వ ఉద్యోగులు ఎందుకు, ఉన్ని బట్టలు అమ్ముకొనేవాడికి ఇలాంటి సేవ ఏదీ అని అడిగితే మాత్రం, శాంతి మాట వింటేనే పెదవి విరిచేవారు కూడా లెక్క చూసుకోవలసి వస్తుంది. ఉద్యమకారులు చేసినవి చిన్న పనులే. ఎంపీ నియోజకవర్గంలో జనాన్ని కలిసే రోజున వెళ్ళి ఎదురుగా కూర్చొని ఆ ప్రశ్నే అడిగేవారు, పోస్టుకార్డులు రాసేవారు. యుద్ధవిమానాలు తయారుచేసే బీఏఈ కంపెనీ వాటా ఒక్కటంటే ఒక్కటి కొనుక్కొని, వాటాదారుల వార్షిక సమావేశంలో లేచి నిలబడి, సౌదీ అరేబియాకు ఆ విమానాలు అమ్మిన బేరం గురించి డైరెక్టర్లను నిలదీసేవారు. వాటా ఒక్కటైనా ప్రశ్న అడిగే హక్కు పూర్తిగా దక్కుతుంది.

2006 డిసెంబరులో ఆ సౌదీ బేరంలో లంచాల ఆరోపణలపై సాగుతున్న దర్యాప్తును ఆపివేయడంతో అసంతృప్తి ముదిరింది. 2007 జూలైలో, గోర్డన్ బ్రౌన్ ప్రధాని అయిన నెల తిరగకుండానే, డీసోను మూసివేస్తున్నట్లు ప్రకటించారు. ఇక మీ చివరి ప్రశ్న. బోర్డు దిగింది గాని పని ఆగలేదు. 2008లో ఆ బాధ్యతను వాణిజ్య ప్రోత్సాహక విభాగానికి అప్పగించారు, ఆ తర్వాత పేర్లు మరికొన్ని మారాయి, 2025లో అది మళ్ళీ రక్షణ శాఖ గూటికే చేరింది. దీనిని సగం గెలుపు అనడం కూడా కొంచెం ఉదారమే అని నా అభిప్రాయం. అయినా మంత్రులూ కంపెనీలూ తప్ప ఎవరూ పేరు వినని ఒక కార్యాలయాన్ని ప్రధాని స్వయంగా ప్రకటన చేయవలసిన విషయంగా మార్చడం తక్కువ పని కాదు.

ప్రశ్న: ఉత్తరాలకు, సంతకాలకు కంపెనీలు లొంగుతాయా?
– వైద్యుడు, గుంటూరు

జవాబు: మీ వృత్తివారే ఒకసారి లొంగదీశారు. లండన్‌లో రెండేళ్ళకోసారి జరిగే డీఎస్ఈఐ అనే ఆయుధాల సంతకు విదేశీ సైనిక ప్రతినిధులను పిలిచేది అక్కడి ప్రభుత్వమే. ఆ సంతను నడిపిన రీడ్ ఎల్సెవియర్ సంస్థే ‘ది లాన్సెట్’ అనే వైద్య పత్రికకు కూడా యజమాని. ప్రాణాలు నిలిపే వ్యాసాలూ ప్రాణాలు తీసే సరుకూ ఒకే ఇంటివని తెలిసిన వైద్యులు, పరిశోధకులు నిరసన తెలిపారు, 2005లో ఆ పత్రిక సంపాదకులే తమ యజమానిని తప్పుపడుతూ రాశారు. 2007లో సంస్థ ఆ వ్యాపారం నుంచి తప్పుకొంటామని ప్రకటించింది. సంత మరొకరి చేతికి వెళ్ళి ఇప్పటికీ జరుగుతూనే ఉంది.

ప్రశ్న: మా ఇంట్లో ఇద్దరు రక్షణ పరికరాల కర్మాగారాల మీదే బతుకుతున్నారు. ఎగుమతులు ఆపితే అక్కడి కార్మికుల గతి ఏమిటి?
– పాఠకుడు, బాలానగర్, హైదరాబాద్

జవాబు: ఉద్యమకారుల్లో కొందరు దాటవేసే ప్రశ్న ఇది, మీరు అడగడం న్యాయమే. బ్రిటన్‌లో 2001లో ఒక అధ్యయనం వెలువడింది. దానిని రాసిన నలుగురిలో ఇద్దరు రక్షణ శాఖ ఆర్థికవేత్తలే కనుక ఉద్యమకారుల లెక్క అని కొట్టివేయడానికి వీలు లేదు. ఆయుధ ఎగుమతులు సగానికి పడిపోతే దాదాపు 49,000 ఉద్యోగాలు పోతాయని, అయిదేళ్ళలో ఇతర రంగాల్లో సుమారు 67,000 వస్తాయని అందులో అంచనా కట్టారు. అయితే పోయే ఉద్యోగం ఒక ఊళ్ళో, వచ్చే ఉద్యోగం మరో ఊళ్ళో ఉంటుంది, లేత్ మిషన్ దగ్గర ముప్పై ఏళ్ళు నిలబడ్డ మనిషికి సగటు లెక్క కూడు పెట్టదు.

ఈ చిక్కుకు కార్మికులే ఒకసారి దారి వెతికారు. యుద్ధవిమానాలకు కూడా భాగాలు తయారుచేసే బ్రిటిష్ కంపెనీ లూకస్ ఏరోస్పేస్ కార్మికులు 1976లో, తమ చేతుల్లో ఉన్న నైపుణ్యంతోనే ఇంకేమి చేయగలమో ఆలోచించి, మూత్రపిండాల రోగులకు డయాలిసిస్ యంత్రాలు, ఇళ్ళను వెచ్చబెట్టే హీట్ పంపులు వంటి దాదాపు 150 వస్తువుల జాబితా తయారుచేశారు. యాజమాన్యం ఒప్పుకోలేదు. ఆ హీట్ పంపులను నేడు ఇళ్ళలో పెట్టించుకొనేవారికి బ్రిటన్ ప్రభుత్వమే డబ్బు సాయం చేస్తున్నది.

ప్రశ్న: ఇదంతా వారి దేశపు గొడవ, మనకెందుకు?
– చెరకు రైతు, జహీరాబాద్

జవాబు: మీ చేను మీదుగా ఎప్పుడైనా శిక్షణ విమానం రొద చేసుకొంటూ పోయి ఉంటే, అది బీదర్ వైమానిక స్థావరపు హాక్ అయి ఉండవచ్చు. మన పార్లమెంటుపై దాడి తరువాత, 2002లో, భారత్, పాకిస్తాన్ సైన్యాలు సరిహద్దులో ఎదురెదురుగా మోహరించి ఉండగా, శాంతి వహించండని హితవు చెప్పిన బ్రిటన్ ప్రభుత్వమే ఆ విమానాలు మనకు అమ్మడానికి గట్టిగా ప్రయత్నించింది. ఆ రెండు పనులూ ఒకే నోటితో ఎలా చేస్తారని ముందుగా అడిగిన వారిలో బ్రిటన్ ఉద్యమకారులు ఉన్నారు. 2004లో 66 విమానాలకు ఒప్పందం కుదిరింది. వాటిలో 24 బ్రిటన్ నుంచి వచ్చాయి, మిగిలినవి బెంగళూరులో హెచ్ఏఎల్ తయారుచేసింది. మన వైమానిక దళానికి ఆ రకం శిక్షణ విమానం ఎంతో కాలంగా అవసరమై ఉన్న మాట కూడా నిజమే. కొన్న మన అవసరం ఒకటి, అమ్మినవాడు ఎంచుకొన్న సమయం మరొకటి. ఉద్యమకారులు తప్పుపట్టింది రెండోదానిని.