ఢీకొన్నాయా, ఢీకొట్టిందా? క్రాష్, కొలైడ్, ర్యామ్‌ల మధ్య తేడా

క్రాష్, కొలైడ్, ర్యామ్, స్మాష్, హిట్ అన్నింటికీ తెలుగులో ‘ఢీకొనడం’ అనే రాస్తున్నాం కదా, ఇంగ్లిష్‌లో ఏది ఎప్పుడు వాడాలి అని అడిగారు. నేను ఒక తెలుగు పత్రికలో సబ్ ఎడిటర్‌గా చేశాను. రాత్రి డ్యూటీలో ఇంగ్లిష్ ప్రమాద వార్తలను తెలుగు చేయడం రోజూ ఉండే పని. అక్కడ నాకు అలవాటైన పద్ధతి చెబుతాను. ముందు ఎవరు కదులుతున్నారో, ఎవరు వెళ్లి ఎవరిని గుద్దారో చూడండి. మాట దానంతటదే దొరుకుతుంది.

కొలైడ్ అంటే రెండూ కదులుతూ ఒకదాన్నొకటి తాకడం. ఆగి ఉన్న లారీతో కారు ‘కొలైడ్’ అయిందని రాస్తే పాత తరం ఇంగ్లిష్ ఎడిటర్లు కొట్టేసేవారు. జెనీవా దగ్గర 27 కిలోమీటర్ల సొరంగంలో ఉన్న యంత్రాన్ని లార్జ్ హాడ్రాన్ కొలైడర్ అంటారు. అందులో కణాల పుంజాలను ఎదురెదురుగా పరుగెత్తించి ఢీకొట్టిస్తారు. రెండూ కదులుతూ ఉండాలన్న ఆ నియమాన్ని ఇప్పుడు చాలామంది పట్టించుకోవడం లేదు. నేను మాత్రం పాటిస్తాను. ఆగి ఉన్నవాడి మీద కూడా సగం తప్పు వేసినట్టు ధ్వనించడం నాకు నచ్చదు.

ఈ తేడా మన భాషలోనూ ఉంది. ‘బస్సు, లారీ ఢీకొన్నాయి’ అంటే ఎవరిది తప్పో చెప్పలేదు. ‘బస్సును లారీ ఢీకొట్టింది’ అంటే చెప్పేశాం. 2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర జరిగిన ప్రమాదం గుర్తుండే ఉంటుంది. రెండు రైళ్లు ఢీకొన్నాయని వినగానే చాలామంది ఎదురెదురుగా వచ్చాయనే అనుకున్నారు. నిజానికి పలాస ప్యాసింజర్‌ను రాయగడ ప్యాసింజర్ వెనక నుంచి గుద్దింది. ఇలాంటప్పుడు ఇంగ్లిష్‌లో ‘ర్యామ్డ్ ఇంటూ’ సరిగ్గా సరిపోతుంది. ర్యామ్ అంటే పొట్టేలు. తల వంచి వచ్చి కుమ్మే ఆ ఊపంతా ఈ క్రియలో ఉంది. అందుకే చిన్న గీత పడినదానికి దీన్ని వాడకండి, దానికి బంప్ చాలు.

క్రాష్‌కు రెండో వస్తువు అక్కర్లేదు. విమానం పొలంలో కూలినా క్రాషే. చప్పుడు, ధ్వంసం రెండూ అందులో ఉంటాయి. స్మాష్‌లో ముక్కలవడం ముఖ్యం. హిట్‌లో ఏ రంగూ లేదు, వివరాలు తేలనప్పుడు అదే మంచిది.

మీరు అడగకపోయినా ‘యాక్సిడెంట్’ గురించి ఒక మాట చెప్పాలి. బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2001లోనే ఈ మాటను వద్దనుకుంది. ఎవరూ ఆపలేనిది జరిగిందన్న అర్థం వస్తుందని, చాలా గాయాలు నివారించగలిగినవేనని దాని వాదన. తాగి బండి నడిపి ఒకరి ప్రాణం తీసినప్పుడు దాన్ని యాక్సిడెంట్ అనడం నాకూ మింగుడుపడదు. క్రాష్ అనడమే న్యాయం.

మన దగ్గర పోలీసు కాగితాల్లో ‘డ్యాష్డ్ అగైనెస్ట్’ అని రాస్తారు. మనం కూడా ‘డ్యాష్ ఇచ్చాడు’ అంటుంటాం. ఇక్కడ అందరికీ అర్థమవుతుంది కానీ అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్నవాళ్లు డ్యాష్ అనగానే గబగబా పరుగెత్తడం అనుకుంటారు. అక్కడ కారును వెనక నుంచి గుద్దితే ‘రియర్ ఎండెడ్’, పక్క నుంచి వచ్చి డోర్ల మీద గుద్దితే ‘టీ బోన్డ్’ అంటారు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు బీమా కాగితాల్లో ‘కొలిజన్’ అర్థం విడిగా చూసుకోవాలి. ఆ కవరేజీలో చెట్టునో గోడనో గుద్దినా, బండి బోల్తా పడినా లెక్కే. కానీ రోడ్డు మీదికి వచ్చిన జింకను గుద్దితే మామూలుగా అది ‘కాంప్రెహెన్సివ్’ అనే వేరే కవరేజీ కిందికి వెళ్తుంది. కొలిజన్ ఒక్కటే తీసుకుని ఉంటే జింక వల్ల జరిగిన నష్టానికి డబ్బు రాదు.