గడియారం విప్పేముందు

చిట్టితల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. తాతయ్య కారులో ఆగిపోయిన గడియారాన్ని నువ్వే విప్పి బాగుచేస్తానంటున్నావట. ఆ మాట విన్నాక చాలాసేపు నిద్ర పట్టలేదు. సంతోషమా, టెన్షనా అంటే రెండూ. పోయిన ఏడాది మీ అమ్మ కారులో డిజిటల్ గడియారం అంకెలు సగం సగం కనబడుతుంటే, భూతద్దం పెట్టి బోర్డు మీద పిన్నుల చుట్టూ వెంట్రుకంత పగుళ్ళు కనిపెట్టి, మళ్ళీ సోల్డర్ పెట్టి సరిచేశావు. ఏళ్ళ తరబడి వేడెక్కి, చల్లారి, కుదుపులకు అదిరీ సోల్డర్ అలా పగులుతుందని నాకు చెప్పింది కూడా నువ్వే. నీ పనితనం మీద నాకు అనుమానం లేదమ్మా. నా భయం వేరే.

చిన్నవి ముందు చెప్పేస్తాను. గడియారం చెడిందని తేల్చేముందు ఫ్యూజ్ చూడు, ఎర్త్ తీగ తుప్పు పట్టిందేమో చూడు, గడియారం వెనక 12 వోల్టులు వస్తున్నాయో లేదో మల్టీమీటర్‌తో చూడు. ఆ తర్వాత బ్యాటరీ నెగటివ్ తీగ విప్పేసి, అప్పుడే డాష్‌బోర్డులో చెయ్యి పెట్టు. ఉంగరం తీసెయ్యి. వైర్లు పీకేముందు ఫొటో తీసుకో. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఇక ఫ్యూజ్ సంగతి. ఇది మాత్రం ఆగి చదువు.

అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు, మీ అమ్మకు ఏడు. ఆ గడియారం రోజుకు పావుగంట వెనకబడుతోందని, నాన్న ఇంట్లో లేనప్పుడు విప్పాను. శుభ్రం చేసి మళ్ళీ బిగించాను. బిగించేటప్పుడు వెనక వైరు బ్రాకెట్‌కీ డాష్‌బోర్డు రేకుకీ మధ్య నలిగింది. నేను చూసుకోలేదు. కారు కాస్త కదిలేసరికి ఫ్యూజ్ పోయింది. ఇంకొకటి వేశాను, అదీ పోయింది. మూడోది లేదు. నాన్న వచ్చేలోగా లోపలి లైటు వెలగాలి, దానికీ దీనికీ ఒకటే ఫ్యూజ్. సిగరెట్ పెట్టెలోంచి వెండి కాగితం తీసి, కాలిపోయిన ఫ్యూజ్‌కు చుట్టి పెట్టేశాను. లైటు వెలిగింది, గడియారం నడిచింది. నన్ను మించినవాడు లేడనుకున్నాను.

ఆ రాత్రే అందరం ప్రయాణం. నేను ముందు సీట్లో నాన్న పక్కన, వెనక అమ్మ, అమ్మ ఒళ్ళో నిద్రపోతూ మీ అమ్మ. కొంత దూరం పోయాక రబ్బరు కాలుతున్న వాసన వచ్చింది. అది ఎక్కణ్ణుంచి వస్తోందో నాకు అప్పుడే తెలిసిపోయింది. తిడతారని నోరు విప్పలేదు. "ఏదో వాసన వస్తోందిరా" అని నాన్న అన్నాడు, అప్పుడూ చెప్పలేదు. అర నిమిషం అయ్యుంటుందేమో. డాష్‌బోర్డు సందుల్లోంచి పొగ వచ్చింది. నాన్న కారు ఆపి, "దిగండి, దిగండి" అని అరుస్తూనే డాష్‌బోర్డు కిందకు చెయ్యి పెట్టి ఆ తీగను గుప్పిట పట్టి తెంపేశాడు. అప్పటికే పైతొడుగు కరిగిపోయి రాగి బయటపడి ఉంది. నాన్న అరచేతి తోలు కాలి తీగకే అంటుకుపోయింది.

తాతయ్య ఎడమ అరచేతిలో అడ్డంగా ఉండే మచ్చ నీకు గుర్తుందా? చిన్నప్పుడు దాని మీద వేలితో రాస్తూ ఇదేమిటని అడిగేదానివి. "పాత దెబ్బ" అని ఊరుకునేవాడు. పోయేదాకా ఎవరి దగ్గరా నా పేరు ఎత్తలేదు. నేనూ నీకు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

ఫ్యూజ్ కాపాడేది గడియారాన్ని కాదు, తీగను. తీగ ఎంత కరెంటు మోయగలదో చూసి దానికి అంకె పెడతారు. పోతే అదే అంకెది వెయ్యి. రెండోసారి కూడా పోయిందంటే పని ఆపేసి, తీగ ఎక్కడ రేకుకు తగులుతోందో వెతుకు. పెద్ద అంకెది వేశావని తెలిస్తే మాత్రం నీతో మాట్లాడనే మాట్లాడను. బిగించేటప్పుడు టార్చి వేసి, బ్రాకెట్ వెనక తీగలన్నీ వదులుగా ఉన్నాయా అని చూడు. ఒకసారి కాదు, రెండుసార్లు.

కొత్త వైరింగ్ వేశాక ఆ గడియారం చాలా ఏళ్ళు నడిచింది. ఆగిపోయినప్పుడు నాన్న నన్ను అడగలేదు, నేనూ విప్పుతాననలేదు.

ఎలా నడుస్తుందో చెబుతాను, లోపల చూస్తే నీకే తెలుస్తుంది. అందులో మామూలు గడియారంలా స్ప్రింగే ఉంటుంది, కాకపోతే ఒకటి రెండు నిమిషాలకు సరిపడా మాత్రమే. అది సడలగానే రెండు చిన్న పాయింట్లు తాకుతాయి, కాయిల్‌లో కరెంటు పారి మీటను వెనక్కి తన్నుతుంది. స్ప్రింగుకు మళ్ళీ కీ ఇచ్చినట్టే. ఆ తన్నినప్పుడు "టక్" మంటుంది. ఇంజన్ ఆపి కూర్చుంటే ఆ శబ్దం కోసం నేనూ మీ అమ్మా ఊపిరి బిగబట్టి ఎదురుచూసేవాళ్ళం.

ఆ పాయింట్లే సాధారణంగా మాడిపోతాయి. సన్నని ఎమరీ కాగితంతో మెల్లగా రుద్ది, స్పిరిట్‌తో తుడువు. కాయిల్ తెగిందేమో మల్టీమీటర్‌తో చూడు. పాత నూనె జిగురైపోయి ఉంటుంది, అది పూర్తిగా పోయాకే గడియారాల నూనె సూది మొనతో చుక్క చుక్క పెట్టు. తలుపు కీళ్ళకు కొట్టే స్ప్రే దగ్గరికి రానివ్వకు. ముళ్ళ మీద చీకట్లో మెరవడానికి వేసిన పూతను గీకవద్దు, ఊదవద్దు. పాతకాలం గడియారాల పూతలో రేడియం కలిపేవాళ్ళు, ఆ పొడి లోపలికి పోతే ప్రమాదం. అది రాలుతుంటే ఆ పని వదిలేసి నాకు చెప్పు.

లోపలి యంత్రం తీసేసి క్వార్ట్జ్‌ది పెట్టేయమని ఎవరైనా అంటారు. తప్పేం కాదు, టైము ఇంకా బాగా చూపిస్తుంది. కానీ టక్ మనదు. నాకైతే మనసొప్పదు.

కారులో పెట్టేముందు బల్ల మీదే 12 వోల్టుల బ్యాటరీ కలిపి, మధ్యలో చిన్న ఫ్యూజ్ పెట్టి, ఒక రోజంతా నడిపి చూడు. ఆ బ్యాటరీ పూర్తిగా చార్జ్ అయి ఉండాలి. బలం తగ్గితే కాయిల్ మీటను తన్నలేదు, పాయింట్లు అంటుకునే ఉండిపోయి కాయిల్ కాలిపోతుంది. కారు నెలల తరబడి ఆపి ఉంచితే గడియారం తీగ విప్పెయ్యి.

కారులో బిగించే రోజు మాత్రం నేను వచ్చేదాకా ఆగు, తల్లీ. గడియారం నేను ముట్టుకోను, నీకు అడ్డం రాను. బ్యాటరీ నెగటివ్ తీగ మాత్రం నేను కలుపుతాను. చేతిలో స్పానర్ పెట్టుకుని అక్కడే నిలబడతాను. నువ్వు, మీ అమ్మ లోపల కూర్చోండి. ఏ వాసన వచ్చినా, వచ్చిందేమో అనిపించినా, వెంటనే గట్టిగా చెప్పు.

మీ పెద్ద మావయ్య